ముసలి మారుతి... మూడూళ్ల దారి

మదనపల్లె, పుంగనూరు, కుప్పం... ఒకే రోడ్డు మీదున్న మూడూళ్లు. షోరూముల్లోకి ఎన్ని కొత్త కార్లొచ్చినా ఇక్కడ పాత చిన్నకార్లు ఇంకా తిరుగుతూనే ఉన్నాయి. అవి ఎక్కడ ఆగుతాయి? ఎందుకు మొరాయిస్తాయి? మళ్లీ ఎలా కదులుతాయి? ఆ దారివెంటే వెళ్లి చూస్తే...

డిసెంబరు నెల. మదనపల్లెలో ఇంకా పూర్తిగా తెల్లవారలేదు. ఓ ఇంటి ముందు నుంచి 'కుర్... కుర్... కుర్...' మంటూ చప్పుడు. తలకు మఫ్లరు చుట్టుకున్న పెద్దాయన చోక్ లాగుతాడు, సెల్ఫ్ కొడతాడు, కాసేపాగి మళ్లీ కొడతాడు. పాల ప్యాకెట్టు కోసం బయటికొచ్చిన పక్కింటాయన పలకరింపు... 'ఏంనా, ఇంకా లేవలేదా?'

లేవనిది పెద్దాయన కాదు, ఆయన మారుతి ఎయిట్ హండ్రెడ్!

సముద్రమట్టానికి దాదాపు ఏడొందల మీటర్ల ఎత్తున ఉన్న ఊరు. ఎండాకాలంలో చల్లగా ఉంటుందని పేరు. ఒకప్పుడు క్షయరోగులకు ఆరోగ్యవరం ఆసుపత్రిని ఇక్కడ కట్టింది ఈ గాలి కోసమే. 1919లో రవీంద్రనాథ్ ఠాగూర్ బీసెంట్ థియోసాఫికల్ కాలేజీలో బసచేసి 'జనగణమన'ను ఆంగ్లంలోకి అనువదించిందీ ఇక్కడే. మనుషులకు అంత మేలుచేసే ఈ చలిగాలి కార్బొరేటర్ బండికి మాత్రం పడదు. చల్లటి ఇంజిన్లో పెట్రోలు సరిగ్గా ఆవిరి కాదు. అందుకే చోక్ లాగి గాలి తగ్గించి, పెట్రోలు పాలు పెంచాలి. బండి లేచాక ఆ చోక్‌ను మళ్లీ లోపలికి నెట్టాలి. ఆ సంగతి మర్చిపోతే ప్లగ్గులు మసిబారి, మధ్యాహ్నానికి అసలే లేవనంటుంది. 'చోక్ మూసినావా?' అన్నది ఇక్కడి మెకానిక్ అడిగే మొదటి ప్రశ్న. సగం రిపేర్లు ఆ ప్రశ్నతోనే తీరిపోతాయి.

మిగతా సగానికి డిస్ట్రిబ్యూటర్ మూత విప్పాలి. అందులోని పాయింట్లు అరిగి, వాటి మధ్య సందు మారిపోతే నిప్పురవ్వ బలహీనపడుతుంది. మూతకు సన్నటి పగులున్నా చాలు, తేమ చేరి బండి దగ్గుతుంది. ఓ ఉప్పుకాగితం ముక్క, సందు కొలిచే రేకు... పాతతరం మెకానిక్ చేతికి ఇవి రెండూ ఉంటే పావుగంట పని.

యాభై వేల కల

అసలీ కార్లకు ఇంత ప్రేమ ఎక్కడిది? 1983 డిసెంబరు 14న ఢిల్లీ పక్కనున్న గుర్గావ్‌లో అప్పటి ప్రధాని ఇందిరాగాంధీ తొలి మారుతి తాళాలు అందించేనాటికి మన రోడ్ల మీద ఉన్నవి ప్రధానంగా అంబాసిడర్లు, ప్రీమియర్ పద్మినీలు. మారుతి 796 సీసీ ఇంజిను, మూడు సిలిండర్లు, నలభై గుర్రాల్లోపు శక్తి. ధర అప్పట్లో యాభైవేల రూపాయల అటూ ఇటూ. ముందు చక్రాలే బండిని లాగడం మన మామూలు కుటుంబాలకు కొత్త. 1986లో దాని రూపు మారింది. 2000 నాటికి కార్బొరేటర్ పోయి ఎంపీఎఫ్ఐ వచ్చింది. 2010 ఏప్రిల్లో కొత్త కాలుష్య నిబంధనల వల్ల పదమూడు పెద్ద నగరాల్లో అమ్మకం ఆగిపోయినా, చిన్న ఊళ్లలో మాత్రం 2014 జనవరిలో తయారీ నిలిపేసేదాకా దొరికింది. మదనపల్లె లాంటి చోట్ల ఈ బండి ఇంకా ఇన్ని కనిపించడానికి అదీ ఒక కారణం. దాని వెనకాలే జెన్, శాంట్రో, ఇండికా, ఆల్టో. ఉద్యోగ విరమణ డబ్బుతో కొన్నవీ, అమ్మాయి పెళ్లికి ముందు కొన్నవీ, పండిన టమాటాకు మంచి ధర పలికిన ఏడాది కొన్నవీ... ఏ కారు వెనక చూసినా ఓ ఇంటి కథ ఉంటుంది.

అనంతపురం, కదిరి మీదుగా వచ్చే 42వ నంబరు జాతీయ రహదారి మదనపల్లెలో మలుపు తిరిగి పుంగనూరు, పలమనేరు, వి.కోట దాటి కుప్పం చేరుతుంది. అక్కణ్నుంచి తమిళనాడులోని కృష్ణగిరికి వెళ్లిపోతుంది. మదనపల్లె నుంచి కుప్పం దాకా నూట పాతిక కిలోమీటర్ల పైమాటే. పాత కారుకు రావాల్సిన రోగాలన్నీ ఈ దారిలో బయటపడతాయి. అయితే అసలు పరీక్ష మాత్రం ఈ రోడ్డు మీద కాదు, మదనపల్లెకు ఇంకోపక్కనున్న కొండ మీద.

కొండెక్కితే తెలుస్తుంది

బంధువులొస్తే హార్సిలీహిల్స్‌కు తీసుకెళ్లాల్సిందే. మదనపల్లెకు ముప్పై కిలోమీటర్ల లోపే. ఎత్తు నాలుగువేల అడుగుల పైచిలుకు. కారులో అయిదుగురు, డిక్కీలో పులిహోర, పెరుగన్నం, ఏసీ వేయమని వెనక సీటు నుంచి పిల్లల గోల. ఘాట్ మొదలైన కాసేపటికి ఉష్ణోగ్రత ముల్లు పైకి జరుగుతుంది. అది చూసేది ఎవరు? నాలుగో మలుపు దగ్గర బానెట్ సందుల్లోంచి ఆవిరి!

ఇంజిన్ కాగడానికి కొండను తిట్టి లాభం లేదు. కారణం చాలాసార్లు ఇంటి పెరట్లోనే ఉంటుంది. ఈ ప్రాంతంలో చాలామందికి బోరునీళ్లే గతి. ఆ నీళ్లలో ఉప్పులెక్కువ. ఇంట్లో నీళ్లు కాచే గిన్నెకు అడుగున తెల్లటి పొర కట్టడం ఆడవాళ్లందరికీ తెలుసు. రేడియేటర్లో పోసినా అదే జరుగుతుంది. సన్నటి గొట్టాల్లో పొర పేరుకుని నీళ్లు తిరగవు. తిరగని నీళ్లు వేడిని బయటకు మోసుకురాలేవు. 'యా నీళ్లు పోస్తాండావు?' అని మెకానిక్ అడిగితే 'ఇంట్లో నీళ్లే' అని జవాబు. అక్కడే దొరికిపోతారు. శుద్ధిచేసిన నీళ్లలో కూలెంట్ కలిపి పోస్తే ఖర్చు కొద్ది వందలు. పోయకపోతే వేలు.

ఇంకో చిన్న సంగతి ఉంది. రేడియేటర్ మూత. చూడ్డానికి వంటింటి డబ్బా మూతలా ఉంటుంది గానీ అది చేసే పని ప్రెషర్ కుక్కర్ మూతది. ఒత్తిడిని లోపలే పట్టి ఉంచుతుంది కాబట్టే నీళ్లు నూరు డిగ్రీలు దాటినా మరగవు. దాని రబ్బరు గట్టిపడి పగిలిందనుకోండి, ఒత్తిడి నిలవదు. మామూలు గిన్నెలో నీళ్లు మరగడానికి కింద నూరు డిగ్రీలు కావాలి, హార్సిలీహిల్స్ పైన అయితే 96 డిగ్రీలు చాలు. అంటే ఇంజిన్ సాయం కోరే చోటే నీళ్లు తొందరగా మరిగిపోతాయన్నమాట. కొండ మీద గాలి కూడా పలచన. కార్బొరేటర్ పెట్రోలు ఎక్కువ, గాలి తక్కువ తీసుకుని నల్లపొగ వదులుతుంది. రెండో గేరులో మూలుగుతుంది. చాలామంది బండి పనైపోయిందనుకుంటారు గానీ దిగాక మామూలైపోతుంది.

ఆవిరి చూసి కంగారుపడి చేసే పొరపాట్లు రెండు. ఒకటి, వెంటనే మూత తిప్పడం. వేడినీళ్లు మొహాన చిమ్ముతాయి. రెండోది, కాలుతున్న ఇంజిన్ మీద చల్లటి నీళ్లు గుమ్మరించడం. అల్యూమినియం హెడ్ వంకర పోతుంది. బండి పక్కకు తీసి, ఇంజిన్ ఆపి, అరగంట చెట్టు కింద కూర్చుని పులిహోర తినడమే మంచి వైద్యం!

అలా ఆగకుండా 'ఇంకెంత, రెండు మలుపులే కదా' అని లాగించిన వాళ్ల బండ్లు లేత్ షాపులో తేలతాయి. హెడ్ గాస్కెట్ కాలితే కూలెంటు సిలిండర్లోకి దిగుతుంది, నూనెలో కలుస్తుంది. నూనె పోసే మూత తీసి చూస్తే లోపల మజ్జిగ మీగడలాంటి తెట్టు. సైలెన్సర్లో ఆగని తెల్లపొగ. చలికాలం పొద్దున కాసేపు వచ్చే తెల్లటి ఆవిరిని చూసి భయపడక్కర్లేదు, ఇంజిన్ వేడెక్కాకా వస్తుంటే మాత్రం అనుమానించాలి. నీలంపొగ అయితే పిస్టన్ రింగులో, వాల్వు సీళ్లో అరిగి నూనె మండుతోందని అర్థం. నల్లపొగ ఒక్కటే వీటిల్లో చవకైన రోగం.

ఎక్కడం కంటే దిగడం ప్రమాదం. పెట్రోలు మిగులుతుందని గేరు తీసేసి, ఇంజిన్ ఆపేసి దిగే మహానుభావులు ఇప్పటికీ ఉన్నారు. బ్రేక్ బూస్టరున్న కార్లలో ఇంజిన్ ఆగితే రెండు మూడుసార్లు తొక్కేసరికి పెడల్ రాయిలా బిగుసుకుంటుంది. గేరు లేకపోతే బరువంతా బ్రేకుల మీదే. అవి కాలి, ఆ వేడికి బ్రేక్ ఆయిల్ మరిగి, తొక్కితే పెడల్ మెత్తగా కిందికి దిగిపోతుంది. బ్రేక్ ఆయిల్ గాల్లోని తేమను పీల్చుకుంటుంది, అందుకే రెండేళ్లకోసారైనా మార్చాలంటారు. పదేళ్లనాటి ఆయిల్ తో, లీకయ్యే వీల్ సిలిండర్ తో అయిదుగుర్ని ఎక్కించుకుని కొండ దిగడం... దాన్ని పొదుపు అనలేం. ఏ గేరులో ఎక్కారో ఆ గేరులోనే దిగాలన్నది లారీ డ్రైవర్ల లెక్క. చిన్నకారుకూ అదే లెక్క.

పొట్టి ఆవు, పొట్టి కారు

మదనపల్లె నుంచి దక్షిణంగా పుంగనూరు దారి పడితే రోడ్డు పక్కన టమాటా తోటలు, చింతచెట్లు, రాతిగుట్టలు. పుంగనూరు పేరు చెప్పగానే గుర్తొచ్చేది పొట్టి ఆవు. మనిషి నడుమెత్తు కూడా ఉండదు. కొద్ది మేతతోనే బతుకుతుంది, పాలు మాత్రం చిక్కన. 2024 సంక్రాంతికి ప్రధాని మోదీ తన నివాసంలో ఈ ఆవులకు మేత తినిపించిన ఫొటోలు వచ్చాక దేశమంతా వీటి గురించే మాట్లాడుకుంది. తక్కువ తిని ఎక్కువ పనిచేయడంలో మారుతి ఎయిట్ హండ్రెడ్, పుంగనూరు ఆవు ఒకే జాతి అని ఇక్కడివాళ్లు సరదాకు అంటే కాదనడం కష్టం. తేడా అల్లా... ఆవు తన శక్తికి మించి మోయదు.

కారు మోస్తుంది. మోయిస్తారు మరి! సీజన్లో టమాటా క్రేట్లు పాతిక ముప్పై కిలోల బరువు. ఆటో దొరకనప్పుడు ఓమ్నీ వెనక సీటు తీసేసి ఎన్ని పడితే అన్ని పేర్చడం మామూలే. కమాన్లు అణిగిపోతాయి, వెనకభాగం కూర్చుంటుంది, హెడ్‌లైట్లు ఆకాశానికి చూస్తాయి. ఎయిట్ హండ్రెడ్‌లో వేస్తే షాకబ్జర్లు పోతాయి. చిన్నకార్లలో ముందుగా అరిగేవి లోయర్ ఆర్మ్ బుష్షులు, బాల్ జాయింట్లు. స్పీడ్ బ్రేకర్ దాటగానే 'టక్' అన్నా, స్టీరింగ్ ఒకవైపే లాగినా, టైర్లు ఒక అంచునే తినేస్తున్నా అనుమానం వాటి మీదే. బుష్షు ఖరీదు తక్కువ. అది మార్చకుండా తిప్పితే పోయేది రెండు టైర్లు.

ముందుచక్రాలు లాగే బండ్లకు ఉన్న ప్రత్యేకమైన జబ్బు యాక్సిల్ బూటు. చక్రం దగ్గర ముడతలు ముడతలుగా, నల్లగా, చిన్న ఎకార్డియన్‌లా కనిపించే రబ్బరు తొడుగు అది. లోపల గ్రీజు ఉంటుంది. రబ్బరు చీలితే గ్రీజు బయటకు చిమ్ముతుంది, మట్టి లోపలికెళ్తుంది. కొన్నాళ్లకు స్టీరింగ్ పూర్తిగా తిప్పి కదిలించినప్పుడు 'టిక్ టిక్ టిక్' మని గడియారం చప్పుడు. ఆ చప్పుడు మొదలైందంటే బూటు మార్చి లాభం లేదు, జాయింటే మార్చాలి. పుంగనూరు చుట్టుపక్కల ఎర్రమట్టి దారుల్లో పొలాలకెళ్లే కార్లన్నిట్లో ఈ టిక్ టిక్ ఎప్పుడో ఒకప్పుడు వినిపిస్తుంది. అందుకే తెలిసినవాళ్లు నూనె మార్పించినప్పుడల్లా బండి కిందికి వంగి ఆ రబ్బరును వేలితో తడిమి చూస్తారు.

ఇండికా డీజిల్ వాడేవాళ్లు మరిచిపోకూడనిది టైమింగ్ బెల్టు. డీజిల్ ఇంజిన్లో వాల్వులకూ పిస్టన్‌కూ మధ్య జాగా చాలా తక్కువ. నడుస్తుండగా బెల్టు తెగితే ఒకదాన్నొకటి గుద్దుకుంటాయి, ఇంజిన్ విప్పాల్సిందే. చూడ్డానికి బాగానే ఉందని వదిలేసే వస్తువు కాదది, గడువుకు మార్చేయాలి.

అన్నిటికంటే నిదానంగా చంపేది తుప్పు. మేట్ల కింద తడి, వాన నీరు, కారిన టమాటా రసం... చుట్టుపక్కల ఎవరి కంటా పడకుండా నేల రేకును తినేస్తుంటాయి. డ్రైవరు కాళ్ల దగ్గర మేట్ ఎత్తి చూస్తే కింద రోడ్డు కనిపించిన బండ్లూ ఉన్నాయి. పైన కొత్త రంగు వేయించి మెరిపిస్తే ఏం లాభం? సస్పెన్షన్ బిగించే చోట, సీటు బెల్టు పట్టుకునే చోట రేకు పుచ్చితే ఆ బండిలో పిల్లల్ని కూర్చోబెట్టకూడదు. టింకరింగ్ షెడ్డులో అతుకు వేయొచ్చు గానీ, పుచ్చిన రేకుకే అతుకు వేస్తే అది ఎన్నాళ్లు ఉంటుంది? ఇంజిన్ పోయిన కారును బతికించొచ్చు, ఎముకలు పుచ్చిన కారును వదిలేయాలన్నది అనుభవమున్న మేస్త్రీల మాట.

ఏనుగులున్న చోట

పుంగనూరు దాటి పలమనేరు. పుంగనూరు ఆవుల సంరక్షణకు పశుపరిశోధన కేంద్రం ఉన్నది ఈ ఊళ్లోనే. ఇక్కణ్నుంచి కుప్పం వైపు తిరిగితే దారి తీరే మారిపోతుంది. 1990లో ఏర్పాటైన కౌండిన్య అభయారణ్యం దగ్గరి దారి ఇది. 1980ల్లో పొరుగు రాష్ట్రాల అడవుల నుంచి వచ్చిన ఏనుగులు ఇక్కడ స్థిరపడ్డాయి. వానలు బాగా పడితే కైగల్ జలపాతం చూడ్డానికి కుటుంబాలు కార్లు కట్టుకుని వస్తాయి. తిరుగు ప్రయాణంలో చీకటి పడుతుంది. బండి ఆగకూడని చోటంటూ ఉంటే అది ఇదే!

కరెంటు జబ్బులు రాత్రిపూటే బయటపడటం ఓ విచిత్రం. పగలు బాగానే నడిచిన కారు లైట్లు, వైపర్లు, ఫ్యాను ఒకేసారి వేసేసరికి నీరసిస్తుంది. ఆల్టర్నేటర్ బెల్టు సడలిందో, బ్యాటరీ టెర్మినళ్లకు పచ్చటి చిలుము పట్టిందో, బాడీకి బిగించిన ఎర్త్ వైరు తుప్పుపట్టిందో చూడాలి. ఎర్త్ సరిగ్గా లేక బ్యాటరీ, సెల్ఫ్ మోటారు రెండూ మార్చేసిన అమాయకులున్నారు. చిలుమును వేడినీళ్లతో కడిగి, గీకి, గట్టిగా బిగిస్తే సరిపోయేది.

పెట్రోలు ముల్లు సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. ఎయిట్ హండ్రెడ్ ట్యాంకు పట్టేదే 28 లీటర్లు. అందులో ఎప్పుడూ అడుగున నాలుగు లీటర్లతో తిరగడం మనవాళ్ల అలవాటు. పాత ట్యాంకు అడుగున తుప్పు, మురికి ఉంటాయి. అవి ఫిల్టర్లోకి, అక్కణ్నుంచి జెట్లలోకి చేరతాయి. ఎంపీఎఫ్ఐ కార్లలో పంపు ట్యాంకులోనే మునిగి ఉంటుంది, చుట్టూ ఉన్న పెట్రోలే దాన్ని చల్లబరుస్తుంది. పెట్రోలు లేకపోతే పంపు కాగుతుంది. కొన్ని వందలు మిగిల్చానని సంబరపడేలోపు కొన్ని వేల పంపు కాలుతుంది.

మూడు రాష్ట్రాల కూడలి

వి.కోట, శాంతిపురం దాటితే కుప్పం. ఇక్కడ నేల ఆంధ్రప్రదేశ్‌ది, గాలి కర్ణాటకది, బస్టాండులో వినిపించే మాటల్లో తమిళానిది పెద్ద వాటా. 1997లో ద్రావిడ విశ్వవిద్యాలయం ఇక్కడ పెట్టడానికి ఇంతకంటే తగిన చోటు ఏముంటుంది? రోడ్డు పక్కన నిలబడితే ఏపీ 03, కేఏ 08, టీఎన్ 24... ముగ్గురు అన్నదమ్ముల్లాంటి నంబర్లు వరసగా వెళ్తుంటాయి. బండి రిపేరుకు కూడా ఇక్కడ మూడు భాషలు కావాలి!

బెంగళూరులో కొత్తకారు కొన్నవాళ్లు వదిలించుకున్న పాతకార్లు ఈ పక్కకు రావడం మామూలే. వచ్చే ముందు చూసుకోవాల్సినవి కాగితాలు. రాష్ట్రం మారితే ఎన్ఓసీ తెచ్చి, ఇక్కడ పన్ను కట్టి, నంబరు మార్పించుకోవాలి. పదిహేనేళ్లు నిండితే తనిఖీ చేయించి రిజిస్ట్రేషన్ పునరుద్ధరించుకోవాలి, అదీ అయిదేళ్లకే. 2022 ఏప్రిల్ దాకా దీనికి 600 రూపాయల రుసుముండేది. ఆ నెల నుంచి 5,000 చేశారు. ఇరవై ఏళ్లు దాటిన కార్లకు 2025 ఆగస్టులో 10,000కు పెంచారు. పన్నులు, బీమా, తనిఖీకి ముందు చేయించే రిపేర్లు వేరే. కారు మొత్తం అమ్మితే వచ్చే డబ్బులో ఇది చిన్న భాగమేమీ కాదు. ఇంట్లో తండ్రీ కొడుకుల మధ్య వాదన మొదలయ్యేది సరిగ్గా ఈ కాగితం దగ్గరే. 'ఇంకా దేనికి నాయనా, తూకానికి వేసేద్దాం' అని కొడుకు. 'దాంట్లోనే గదరా నిన్ను ఆస్పత్రి నుంచి ఇంటికి తెచ్చింది' అని తండ్రి.

పెట్రోలు కూడా మారింది. 2025 నాటికి దేశమంతటా 20 శాతం ఇథనాల్ కలిపిన ఇ20 పెట్రోలు వచ్చేసింది. పాతకార్ల గొట్టాలు, సీళ్లు, కార్బొరేటర్ డయాఫ్రమ్‌ల రబ్బరు దాన్ని దృష్టిలో పెట్టుకుని చేసింది కాదు. కొన్ని పాత వాహనాల్లో రబ్బరు భాగాలు, గాస్కెట్లు మార్చుకోవాల్సి రావచ్చని పెట్రోలియం శాఖే ఆ ఏడాది చెప్పింది. ఇథనాల్ నీటిని పీల్చుకుంటుంది కాబట్టి నెలల తరబడి కదలకుండా షెడ్డులో పెట్టే బండికి ఇబ్బంది ఎక్కువ. పొద్దున్నే పెట్రోలు వాసన వస్తే గొట్టాలు చూపించాలి. లీకయ్యే పెట్రోలు, కాలే ఇంజిన్... నిర్లక్ష్యం చేసే జంట కాదది. ఖర్చు కలిసొస్తుందని వంటగ్యాస్ సిలిండర్ పెట్టి ఓమ్నీ నడపడం అంతకంటే పెద్ద ముప్పు, చట్టవిరుద్ధం కూడా.

కుప్పంలో ఇంకో సౌకర్యం ఉంది. రైలు. బెంగళూరు, చెన్నైలను కలిపే లైను మీద ఉన్న ఊరు కాబట్టి, ఇక్కడ దొరకని స్పేరు కోసం బెంగళూరు జేసీ రోడ్డుకు వెళ్లి రావచ్చు. అక్కడా లేకపోతే పాత బండ్లు విప్పి అమ్మే చెన్నై పుదుపేట ఉండనే ఉంది. మారుతి సామాన్లకు ఇప్పటికీ పెద్దగా కరువు లేదు. పద్మినీ వాళ్లకే వెతుకులాట, దాని తయారీ ఎప్పుడో ఆగిపోయింది మరి. దేవూ మాటిజ్ ఉన్నవాళ్ల పరిస్థితి ఇంకా కష్టం, కంపెనీయే మన దేశంలో లేకుండాపోయింది. సామాను దొరికినా దాన్ని బిగించే చెయ్యి దొరకడం ఇప్పుడు అసలు సమస్య. కొత్తగా పనిలో చేరే కుర్రాళ్లకు స్కానర్ తగిలించి తప్పు చదవడం వచ్చు. చెవి దగ్గర స్క్రూడ్రైవర్ ఆనించి టాపెట్ చప్పుడు వినడం, పొగ రంగు చూసి కార్బొరేటర్ మర తిప్పడం నేర్పే గురువులకు యాభై దాటాయి.

సాయంత్రం కుప్పం స్టేషన్లో బెంగళూరు వైపు నుంచి వచ్చిన రైలు ఆగుతుంది. పాలక్యాన్లు, పూలబుట్టలు, కాలేజీ పిల్లలు. వాళ్ల మధ్యలోంచి గ్రీజు మరకల చొక్కాతో ఓ కుర్రాడు దిగుతాడు, చేతిలో చిన్న సంచి. అందులో ఓ యాక్సిల్ బూటు, ఓ రేడియేటర్ మూత. షెడ్డులో జాకీ మీద ఓ తెల్ల మారుతి ముందుచక్రం విప్పుకుని ఎదురుచూస్తోంది. పక్కన స్టూలు మీద దాని యజమాని. 'వచ్చినాయా?' అంటాడు లేచి నిలబడి. 'వచ్చినాయి సార్, గంటలో పంపిస్తాం' అంటాడు మేస్త్రీ. పలమనేరు దారిలో చీకటి పడకముందే వెళ్లిపోవాలని ఆయన తొందర. మేస్త్రీ కొత్త మూత చేతిలోకి తీసుకుని రబ్బరును ఓసారి వేలితో నొక్కి చూసి, 'ఇంట్లో నీళ్లు మాత్రం పోయొద్దు సార్' అంటూ బండి కిందికి దూరతాడు.